అమృతంలో ‘అ’ తీసేస్తే

పోయిన సెప్టెంబరులో, వినాయక చవితికి ముందురోజు సాయంత్రం గరాజ్ తలుపు తీసిపెట్టుకుని, నేల మీద పాత దుప్పటి పరుచుకుని మట్టి వినాయకుణ్ణి చేస్తున్నాను. మట్టి అంటే చెరువు గట్టు మట్టి కాదు లెండి. క్రాఫ్ట్ షాపులో కొన్న ఐదు పౌన్ల ప్యాకెట్టు. చిన్నప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని ఎలుకని చేసేది. ఇప్పుడు పదో క్లాసు. మేడ మీద గదిలో తలుపేసుకుని ఏదో స్కూలు ప్రాజెక్టు రాసుకుంటోంది. ఎలుక కూడా నా వాటాకే వచ్చింది.

అంతలో మా పక్కింటి పెద్దావిడ వచ్చారు. ఎనభై దాటినావిడ. న్యూజెర్సీలో ఈ వీధికి మేం వచ్చినప్పటి నుంచీ ప్రతి సెప్టెంబరులో తన పెరట్లో కాసిన టమాటాలు తెచ్చిస్తారు. బుట్ట కింద పెట్టి, బొమ్మని చూసి “ఎవరీ పిల్లాడు?” అన్నారు. చెప్పాను. అమ్మవారు ఒంటికి పెట్టుకున్న నలుగుపిండితో పిల్లాణ్ణి చేసి, ప్రాణం పోసి, గుమ్మం దగ్గర కాపలా పెట్టిందనీ, తండ్రి వచ్చి ఎవరో తెలియక తల తీసేశాడనీ, తల్లి ఊరుకోకపోతే ఏనుగు తల తెచ్చి అతికించారనీ.

ఆవిడ పకపకా నవ్వారు. “మా వాళ్ళూ మట్టితో మనిషిని చేశారమ్మా. కాకపోతే మా కథల్లో చేసేది ఎప్పుడూ గడ్డం పెంచుకున్న పెద్దమనిషే. ఒక్క పుస్తకంలో మాత్రం ఆడమనిషి చేసింది. అదీ పూలకుండీల్లో మట్టితో” అన్నారు. మర్నాడు మా ఉండ్రాళ్ళు తినడానికి వస్తూ ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. “సగం నవ్వుతావు, సగం నన్ను తిట్టుకుంటావు” అని ముందే హెచ్చరించారు.

ఆవిడ యూదులు. వాళ్ళ నాయనమ్మ యిడ్డిష్‌లో తిడితే అర్థమయ్యేదట గానీ, తిరిగి ఒక్క మాట అనడం వచ్చేది కాదట. ఈ మాట చెబుతుంటే నాకు మా అమ్మాయీ, వాళ్ళ అమ్మమ్మా గుర్తొచ్చారు. మీకూ మీ ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చే ఉంటారు.

పుస్తకంలోకి వెళ్ళేముందు ఆ మట్టిమనిషి సంగతి కాస్త చెప్పాలి. పేరు గోలెం. బైబిల్లో కీర్తనల్లో ఒకేఒక్క చోట వచ్చే మాట. ఇంకా ఆకారం రాని ముద్ద అని అర్థం. తాల్ముద్‌లో రావా అనే పండితుడు ఒక మనిషిని సృష్టించి ఇంకో పండితుడి దగ్గరికి పంపిస్తాడు. ఆయన ఎంత పలకరించినా ఆ మనిషి పలకడు. “ఓహో, నువ్వు చేసిన సరుకువా? పో, మళ్ళీ మట్టివైపో” అంటాడాయన. అందరికీ తెలిసిన కథ మాత్రం ప్రాగ్ నగరంలోది. 1609లో పోయిన రబ్బీ జూడా లోవ్ నది ఒడ్డున బంకమట్టితో గోలెంని చేసి, తన వాళ్ళ మీద దాడులు జరగకుండా కాపలా పెట్టాడని చెప్పుకుంటారు. పోలండు వైపు చెప్పుకునే కథలో గోలెం రోజురోజుకీ పెరుగుతూ పోతుంది. చివరికి చేసినాయనకి దాని నుదురు అందదు. బూట్లు విప్పమని చెప్పి, అది వంగగానే నుదుటి మీది అక్షరం చెరిపేస్తాడు. అది మట్టిగుట్టై ఆయన మీదే కూలిపోతుంది.

ఆ అక్షరం సంగతే నాకు భలే నచ్చింది. గోలెం నుదుటి మీద ‘ఎమెత్’ అని రాస్తారు. హీబ్రూలో సత్యం అని. మొదటి అక్షరం చెరిపితే మిగిలేది ‘మెత్’. అంటే చచ్చినది. “మాకూ అలాంటి మాట ఉంది” అన్నాను పక్కింటావిడతో. అమృతంలో ‘అ’ తీసేస్తే మృతం. ఆవిడ నాచేత కాగితం మీద తెలుగులో రాయించుకుని ఫ్రిజ్‌కి అతికించుకున్నారు. ఇప్పటికీ ఉంది.

ఇక పుస్తకం. పేరు ‘ద పుటర్‌మెసర్ పేపర్స్’. రాసినావిడ సింథియా ఓజిక్. 1928లో న్యూయార్కులో పుట్టారు. లిథువేనియా వైపు నుంచి వలస వచ్చిన అమ్మానాన్నలు బ్రాంక్స్‌లో మందుల షాపు నడిపేవారు. ఐదున్నరేళ్ళప్పుడు ఆవిడ బోబె (యిడ్డిష్‌లో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా అలాగే పిలుస్తారు) హీబ్రూ బడికి తీసుకెళ్తే, అక్కడి రబ్బీ ఆడపిల్లకి చదువక్కర్లేదని వెనక్కి పంపేశాడట. బోబె ఆ రోజుకి ఇంటికొచ్చేసింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే పిల్లని తీసుకెళ్ళి పట్టుబట్టి కూర్చోబెట్టింది. ఈ బోబెని గుర్తుపెట్టుకోండి. చివర్లో ఆవిడతో పనుంది.

నవల 1997లో వచ్చింది. ఆ ఏడు నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలో ఉంది. ఐదు భాగాలు. మొదటిది ఎప్పుడో 1977లోనే పత్రికలో కథగా వచ్చింది. అంటే ఇరవై ఏళ్ళ పాటు రచయిత్రి తన హీరోయిన్‌ని కూడా తిప్పుకుంటూ ముసలిదాన్ని చేశారన్నమాట.

హీరోయిన్ రూత్ పుటర్‌మెసర్. పుటర్‌మెసర్ అంటే వెన్న రాసుకునే చాకు. పేరులోనే ఉంది, కత్తేగానీ తెగదు. లా చదివింది, తెలివైనది, పెళ్ళి కాలేదు. న్యూయార్కు నగరపాలక సంస్థలో గుమాస్తాల కొండల మధ్య ఉద్యోగం. ఫ్లారిడాలో ఉండే అమ్మ పెళ్ళెప్పుడని ఉత్తరాలు రాస్తుంటుంది. (ఇక్కడికి రాగానే నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను.) పుటర్‌మెసర్ ఊహించుకునే స్వర్గం ఏమిటంటే, ఓ చెట్టు కింద కూర్చుని, ఒక చేతిలో చాక్లెట్ ఫడ్జ్, ఇంకో చేతిలో లైబ్రరీ పుస్తకం, ఎప్పటికీ అయిపోకుండా. ఫడ్జ్ స్థానంలో జంతికల డబ్బా పెట్టుకుంటే అది నా స్వర్గం కూడా.

మొదటి భాగంలో పుటర్‌మెసర్ వారానికి రెండుసార్లు జిండెల్ మావయ్య దగ్గరికి వెళ్ళి హీబ్రూ నేర్చుకుంటుంది. ముసలాయన ఒక్కో అక్షరాన్నీ మనిషిలా వర్ణిస్తూ చెబుతాడు. చదువుతుంటే ఆ గది, ఆ ముసలాయన గొంతు మన ముందున్నట్టే ఉంటాయి. సరిగ్గా అప్పుడు కథలోకి ఇంకో గొంతు దూరి, ఆపండి ఆపండి అంటుంది. జిండెల్ పుటర్‌మెసర్ పుట్టకముందే పోయాడు. ఆవిడ ఆయన్ని చూడనే లేదు. ఆ పాఠాలన్నీ కల్పన. మరి ఎందుకు కల్పించుకుంది? ఎందుకంటే ఆవిడకి వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. తాతలు వదిలేసిన ఊళ్ళు లేవు. ఆ భాష లేదు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లకి పూర్వీకుడంటూ ఒకడు కావాలి. అందుకని చేతికందిన ముక్కలతో చేసుకుంది.

భలే ఉందే అనుకుంటూ చదువుతున్న వారంలోనే మా ఇంట్లో జిండెల్ బయటపడ్డాడు.

చవితి రోజుల్లో మా అమ్మాయి తలుపేసుకుని రాసిన ప్రాజెక్టు దిద్దించుకుని వచ్చి డైనింగ్ టేబుల్ మీద పడి ఉంది. విషయం కుటుంబ చరిత్ర. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరితో మాట్లాడి రెండు పేజీలు రాయాలి. మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ వాళ్ళమ్మ గురించి రాసింది. కృష్ణ ఒడ్డున పల్లెటూరు. చదువురాని ఆడమనిషి. కూతురు మాత్రం చదువుకోవాలని పట్టుదల. 1977లో ఉప్పెన వచ్చినప్పుడు కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, నడుంలోతు నీళ్ళలో బడికి చేర్చింది. టీచరు ఎర్ర సిరాతో, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అని రాశారు. ‘ఏ’ గ్రేడు.

నాకూ చెమర్చాయి. రెండో పేజీకి వచ్చాక లెక్కలు గుర్తొచ్చాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి మా అమ్మకి పెళ్ళై మూడేళ్ళు. నేను కడుపులో ఉన్నాను. ఎవరి భుజాలైనా ఎక్కే పరిస్థితిలో ఆవిడ లేదు.

పిల్లని కిందికి పిలిచాను. “ఇదంతా అబద్ధం కదా?” అన్నాను. అది తొణక్కుండా చెప్పింది. “నువ్వు చెప్పినవాటితోనే చేశానమ్మా. ఊరు కృష్ణ ఒడ్డున అన్నావు. ఉప్పెన వచ్చిందన్నావు. మా అమ్మమ్మ ఎంత కష్టపడి మా అమ్మని చదివించిందో తెలుసా అని నా రిపోర్టు కార్డు వచ్చిన ప్రతిసారీ అంటావు. మధ్యలో ఖాళీలు నేను నింపాను.”

“అమ్మమ్మకే ఫోన్ చేసి అడగొచ్చు కదా?”

“ఎప్పుడడగను? ఆదివారం ఫోన్లో తిన్నావా బంగారం అంటుంది. తిన్నాను అమ్మమ్మా అంటాను. నువ్వు ఫోన్ తీసేసుకుంటావు.”

నాకు జవాబు దొరకలేదు. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, మా అమ్మమ్మ కష్టపడి మా అమ్మని చదివించిందన్న మాట నేనెక్కడ విన్నానో ఆ రాత్రి ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. పిల్ల చేసిన జిండెల్‌కి మొదటి ముద్ద పెట్టింది నేనే.

కోపం తగ్గించుకోవడానికి రెండో భాగం తెరిచాను. తగ్గలేదు సరికదా, రచయిత్రి నా ఇంటి కిటికీలోంచి చూసి రాసినట్టు అనిపించింది. పుటర్‌మెసర్‌కి అప్పుడు 46 ఏళ్ళు. నా వయసే. మంచంలో కూడా ప్లేటోని చదువుకుంటోందని స్నేహితుడు రాపొపోర్ట్ వదిలేసి వెళ్ళిపోతాడు. చిగుళ్ళ జబ్బు వస్తుంది. ఆఫీసులో రాజకీయనాయకుల మనుషులు వచ్చి ఆవిణ్ణి పక్కకి తోసేస్తారు. కూతురుంటే లేయా అని పేరు పెట్టుకునేదాన్ని అని ఎన్నాళ్ళుగానో మనసులో ఒక ఊహ. ఒక రాత్రి తను చేస్తున్నట్టు తనకే సరిగ్గా తెలియకుండా, ఇంట్లో పూలకుండీలన్నీ ఖాళీ చేసి ఆ మట్టితో ఒక ఆడపిల్లని చేసేస్తుంది. చుట్టూ తిరిగి పలకాల్సిన పేరు పలుకుతుంది. పిల్ల లేస్తుంది.

పిల్ల మూగది. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపిస్తుంది. మొట్టమొదటి పేచీ పేరు దగ్గరే. తల్లి లేయా అంటుంది. పిల్ల ఒప్పుకోదు. నా పేరు జాంతిపీ అని రాసిస్తుంది. జాంతిపీ అంటే సోక్రటీసు భార్య. లోకమంతా గయ్యాళి అన్న మనిషి. అంత గొప్పవాడికి ఎదురుచెప్పే ధైర్యం ఉన్నది ఆవిడ ఒక్కతికే కాబట్టి ఆ పేరే కావాలంటుంది. మట్టి పూర్తిగా ఆరకముందే సొంత అభిప్రాయం వచ్చేసింది!

ఆ తర్వాత జాంతిపీ ఇల్లు తుడుస్తుంది, వండుతుంది, టైపు చేస్తుంది, తల్లి మనసులో ఉన్న ఆశయాలన్నీ కలిపి న్యూయార్కుని బాగుచేసే ఒక పెద్ద ‘ప్లాన్’ తయారుచేస్తుంది. ఆ ప్లాన్‌తో పుటర్‌మెసర్ ఏకంగా నగరానికి మేయరైపోతుంది. ఊరు స్వర్గమవుతుంది. పోయిన పర్సులు డబ్బుతో సహా ఇంటికొచ్చేస్తుంటాయి. ఇక్కడ చాలా నవ్వొస్తుంది. ఈలోగా పిల్ల పెరుగుతుంటుంది, రోజురోజుకీ. బట్టలు చాలవు. మంచం చాలదు. ఒకరోజు తనకంటూ కోరికలు మొదలవుతాయి. మగవాళ్ళ మీద మోజు. తల్లి పెట్టుకున్న పెద్ద పెద్ద అధికారులనే ఒకరి తర్వాత ఒకర్ని పాడుచేస్తుంది. పరిపాలన కూలుతుంది, ఊరు కూలుతుంది. చేసిన చేతులతోనే పుటర్‌మెసర్ ఆ పిల్లని తిరిగి మట్టి చేయాల్సి వస్తుంది. చుట్టూ వెనక్కి తిరుగుతుంటే, అన్నాళ్ళూ మూగగా ఉన్న పిల్లకి ఆఖరి క్షణాల్లో గొంతు వస్తుంది. అమ్మా అని పిలిచి, బతకనివ్వమని ప్రాధేయపడుతుంది. ఇంతసేపూ నవ్వించిన పుస్తకం అక్కడ గొంతు పట్టుకుంటుంది.

నా దగ్గరా ఒక ప్లాన్ ఉండేది. దాచుకోవడమెందుకు, ఎక్సెల్ షీటుకి పేరే ‘ప్లాన్’. పిల్లకి ఐదేళ్ళప్పుడు మొదలుపెట్టాను. సోమవారం గణితం, బుధవారం కూచిపూడి, శనివారం సంగీతం, ఆదివారం మనబడి. మనబడిని తప్పుపట్టడం లేదు. 2007లో మొదలైన ఆ బడి వల్లే ఇవాళ మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ మాటలు అర్థం చేసుకోగలుగుతోంది. తప్పు నా షీటులో ఉంది. కూచిపూడి నేను చిన్నప్పుడు నేర్చుకోవాలనుకున్నది. సంగీతం నేను మధ్యలో మానేసినది. ఆ షీటులో పిల్ల కోరుకున్న గడి ఒక్కటీ లేదు. తొమ్మిదో క్లాసులో డాన్సు మానేస్తానంటే నెల్లాళ్ళు మాటలు లేవు మా మధ్య. మేం పెట్టిన నాలుగక్షరాల పేరుని స్కూల్లో రెండక్షరాలకి కుదించుకున్నప్పుడు వారం రోజులు ఏడ్చాను. మా ఆయన “పేరే కదా, పోనీలే” అంటే ఆయన మీద కూడా అరిచాను.

పోలండు కథలో గోలెం పెరిగితే భయం దేనికంటే, చేసినాయనకి ఇక దాని నుదురు అందదు. నిజం చెప్పండి, పిల్లలు మనకంటే ఎత్తు పెరుగుతున్నప్పుడు మనకి వేసే భయం అదేగా?

మిగతా భాగాలు తొందరగా చెప్పేస్తాను. మూడో దాంట్లో పుటర్‌మెసర్ చివరికి పెళ్ళి చేసుకుంటుంది. పెళ్ళయిన రాత్రే పెళ్ళికొడుకు కిటికీలోంచి దూకి వెళ్ళిపోతాడు. నాలుగో దాంట్లో మాస్కో నుంచి ఒక చుట్టాలమ్మాయి వస్తుంది. పాపం కష్టాల్లోంచి వచ్చిన పిల్లని ఉద్ధరిద్దామని పుటర్‌మెసర్ ఆశపడితే, ఆ పిల్ల లెనిన్ బొమ్మ ఉన్న బిళ్ళలు అమ్మి డాలర్లు పోగేసుకుని తన దారిన తను పోతుంది. సూట్‌కేసులతో దిగిన చుట్టాలకి ఆతిథ్యం ఇచ్చినవాళ్ళం కదా, ఆ భాగం మనకి బాగా తెలిసినట్టే ఉంటుంది. ఐదో భాగం కష్టం. ఇంట్లో జొరబడ్డ దొంగ చేతిలో ఆవిడ దారుణంగా చనిపోతుంది. స్వర్గానికి వెళ్తుంది. అక్కడ కోరినవన్నీ దొరుకుతాయి, భర్త, కొడుకు కూడా. కానీ అక్కడ ఏదీ నిలవదు. దొరికినవన్నీ జారిపోతాయి. ఆ మొదటి పేజీలు చదవలేకపోతే దాటేయండి, తప్పేం లేదు. వాక్యాలు కూడా పొడుగు, పాండిత్యం ఎక్కువ. మొదటిసారి చదివేవాళ్ళు జాంతిపీ భాగంతో మొదలుపెట్టండి.

ఇంత చేదు విషయాలకి నవ్వేమిటి అని మీకు అనిపించవచ్చు. మనకిది కొత్తేం కాదు. కన్యాశుల్కంలో చిన్నపిల్లల్ని ముసలాళ్ళకి అమ్మడం కంటే చేదు ఏముంది? నూట పాతికేళ్ళుగా నవ్వుకుంటూనే చూస్తున్నాం కదా.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పక్కింటావిడతో మా ప్రాజెక్టు గొడవ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. 1881 నుంచి 1924 దాకా తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షలకి పైగా యూదులు ఈ దేశానికి వచ్చారు. వాళ్ళ నాయనమ్మ అలా వచ్చినావిడే. 1924 చట్టంతో తలుపులు మూసేశారు. (ఆ చట్టం ఆసియావాళ్ళకీ తలుపు మూసే ఉంచింది. 1965లో మళ్ళీ బాగా తెరిచాకే మనవాళ్ళు ఎక్కువమంది రాగలిగారు.) ఆ మూసిన తలుపుకి అవతల ఉండిపోయినవాళ్ళు నాయనమ్మ అక్కచెల్లెళ్ళు. “1941 తర్వాత ఆ ఊళ్ళో మా వాళ్ళెవరూ మిగల్లేదు. అడగడానికి మనిషి లేనప్పుడు జిండెల్‌ని చేసుకోక ఏం చేస్తాం? నీకేమైంది? నీ దగ్గర ఫోనుంది” అన్నారావిడ.

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. పుటర్‌మెసర్‌కి వెనక పూర్వీకుడు లేడు, ముందు కూతురు లేదు. అందుకే ఇద్దర్నీ చేసుకుంది. నాకు వెనక తెనాలిలో రెండో రింగుకే ఫోనెత్తే అమ్మ ఉంది. ముందు మేడ మీద తలుపేసుకున్న కూతురుంది. నిజం మనుషులు ఇద్దర్నీ పక్కన పెట్టి, వాళ్ళ స్థానంలో నేను బొమ్మల్ని చేసుకుంటున్నాను. భుజాల మీద బడికి మోసుకెళ్ళిన వీరమాత ఒకటి, ఎక్సెల్ షీటు ప్రకారం నడిచే బంగారుబొమ్మ ఒకటి.

ఆ శనివారం రాత్రి మా అమ్మకి ఫోన్ కలిపి, పిల్ల చేతికిచ్చి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వినలేదని అబద్ధం చెప్పను. స్పీకర్ పెట్టింది కదా, అన్నీ వినిపించాయి. తిన్నావా బంగారం అయింది. తర్వాత మా అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో అడిగింది. “అమ్మమ్మా, మీ అమ్మ పేరేంటి?” చెప్పింది. నాకూ అప్పుడే తెలిసింది. మేమంతా పిలిచిన పేరు వేరు, పెట్టిన పేరు వేరు.

“నిన్ను స్కూలుకి పంపడానికి మీ అమ్మ కష్టపడిందా?”

అటునుంచి కాసేపు ఏం వినపడలేదు. తర్వాత మా అమ్మ అంది, “పంపడమా? ఎనిమిదితో మాన్పించేసింది తల్లీ.”

చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలి. వాళ్ళమ్మ నాట్లకి పోవాలి. పుస్తకాలు అటకెక్కించేసింది. ఏడాది తర్వాత నిచ్చెన వేసుకుని చూస్తే చెదలు తినేశాయి. “మూడు రోజులు అన్నం మానేశాను” అంది మా అమ్మ. పిల్ల ఊపిరి బిగబట్టి “తర్వాత?” అంది. “నాలుగో రోజు తినేశాను. ఆకలేసింది మరి.”

ఫోనుకి రెండు చివర్లా నవ్వు. వంటింట్లో నేను మాత్రం కుళాయి తిప్పేసుకున్నాను. 46 ఏళ్ళలో ఈ సంగతి మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

“మీ అమ్మమ్మ మీద కోపం వచ్చిందా?” అని ఉంటుంది పిల్ల, దాని భాషలో. “వచ్చింది. పెద్దయ్యాక పోయింది. దాన్నీ అలాగే మాన్పించారు. దానికి అదే తెలుసు” అంది మా అమ్మ. కాసేపాగి, “మీ అమ్మ ఏడో క్లాసులో బడి మానేస్తానంది. కొట్టాను” అంది. ఆ దెబ్బలు నాకు బాగా గుర్తు. ఇన్నేళ్ళూ వాటికి కారణం లెక్కల పరీక్ష అనుకున్నాను.

బోబెని గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆడపిల్లని మర్నాడు మళ్ళీ బడికి తీసుకెళ్ళిన ఆవిడ. అలాంటి ముత్తమ్మమ్మ మా అమ్మాయి ప్రాజెక్టులో ఉంది. మా ఇంట్లో నిజంగా ఉన్నది ఆ రబ్బీ. ఆ సంగతి తెలిసి నేను రెండు రోజులు ముభావంగా తిరిగాను. పిల్ల అలా తిరగలేదు. ప్రాజెక్టుకి మూడో పేజీ రాసి, మొదటి రెండు పేజీలూ కల్పించాను, ఇది నిజం అని టీచరుకి ఇచ్చి వచ్చింది. గ్రేడు ఏమైందని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడం అంత సులువేం కాదని మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆదివారం ఫోన్లో మొదటి పావుగంట వాళ్ళిద్దరిదీ. మధ్యలో తెలుగు తప్పులు వినిపిస్తే దిద్దాలని చెయ్యి దురదపెడుతుంది. దిద్దను. ఎక్సెల్ షీటు తీసేశానని చెబితే నమ్మకండి. ఉంది. తెరవడం లేదంతే.

చవితి అయిన మూడో రోజున మట్టి వినాయకుణ్ణి పెరట్లో బక్కెట్టులో నిమజ్జనం చేశాం. ఆ మట్టినీళ్ళు కరివేపాకు కుండీలో పోశాను. చలి మొదలవగానే ఆ కుండీని వంటింటి కిటికీ దగ్గరకి చేర్చాం. దానికి నీళ్ళు పోస్తున్నప్పుడల్లా ఆ మట్టితో ఇక ఏ బొమ్మా చెయ్యకూడదనుకుంటాను. కరివేపాకు పెరిగితే చాలు.

ఈ నెల మీరు ఒక పని చేయండి. మీ అమ్మగారి అమ్మగారికి పెట్టిన పేరేమిటో, పిలిచిన పేరు కాదు, పెట్టిన పేరు, మీ పిల్లల చేత అడిగించండి. ఫోన్ మాత్రం లాక్కోకండి. ఏం తెలిసిందో నాకు రాయండి. వచ్చే నెల కలుద్దాం.